పైడమ్మ గాజు

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందట అని అడక్కండి. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడకే తెలియాలి. ఊ కొట్టేవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. నిద్రొచ్చేవాళ్ళు గోడకి జారబడండి.

ఏటి ఒడ్డున తుమ్మలరేవు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గాజుల పైడమ్మ ఉండేది. నడుం పడిపోయి మంచాన ఉన్న మొగుడు, భుజాన ఒక మలారం, అంతే ఆమె ఆస్తి. మలారం అంటే తెలుసుగా, గాజులు దండలుగా గుచ్చి కట్టిన మూట. అది భుజం మీదుంటే ఆ పూటకి ఇద్దరికీ అన్నం ఉన్నట్టు.

పొద్దున్నే లేచి "గాజులమ్మా గాజులు" అంటూ వీధి వీధీ తిరిగేది. ఆడవాళ్ళ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు నొక్కి, నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేది. చెయ్యి మంచిదే. నోరే లేదు.

ఒకరోజు కరణంగారి ఇల్లాలు గాజులు వేయించుకుంటోంది. సగం ఎక్కాక ఒకటి చిట్లింది.

"నీ చేతిలో పగిలింది. నాకేం సంబంధం?" అందావిడ.

అది న్యాయమే. పైడమ్మ తల వంచుకుంది. "పగిలింది నాదే తల్లీ" అంది. మలారం విప్పింది, మరో గాజు తీసింది.

ఇంకోరోజు కమ్మరింటి కోడలు. చేతుల నిండా గాజులు వేయించుకుని లేచింది. లోపలికి పోతూ ద్వారబంధానికి చెయ్యి కొట్టుకుంది. రెండు గాజులు పోయాయి.

"నువ్వింకా మా అరుగు దిగలేదు. దిగేదాకా నీవే" అంది.

ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు. పైడమ్మ తల వంచుకుంది. "పగిలింది నాదే తల్లీ" అంది. మలారం విప్పింది, మరో రెండు గాజులు తీసింది.

మూడోసారి కుమ్మరి గవరమ్మ. ఆ గాజులతోనే మట్టి పిసికింది, వడ్లు దంచింది, మొగుడితో దెబ్బలాడింది. వారం పోయాక పగిలిన ముక్కలు కొంగున కట్టుకుని వచ్చింది.

"ఏటే పైడీ, ఇలాటి గాజులా అమ్ముతావు? వారం నిలవనేదు" అంది.

వినండి, ఇది న్యాయమా? పైడమ్మ తల వంచుకుంది. "పగిలింది నాదే తల్లీ" అంది. మలారం విప్పింది.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. సంగతి ఊరంతా పాకింది. ఆవు కొమ్ము విసిరినా, కాలు జారి పడినా, పగిలిన గాజు పైడమ్మదే. మలారం నానాటికీ బక్కచిక్కిపోయింది.

మంచం మీంచి మొగుడు అడిగాడు. "ఏమే, గాజు ఎక్కడిదాకా నీది? ఎక్కణ్ణించి ఆళ్ళది?"

పైడమ్మకి తెలియలేదు. ఆమెకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. అమ్మేవాళ్ళు అమ్మారు, కొనేవాళ్ళు కొన్నారు. ముందుగా ఒక్క మాట అనుకున్నవాళ్ళు లేరు. సగం తగువులు అక్కడే పుడతాయి నాయనా.

ఇంతలో దొరగారి కూతురు నరసాయమ్మకి పెళ్ళి కుదిరింది. పైడమ్మ వెళ్ళి ఆ పిల్ల రెండు చేతులకీ నిండుగా పచ్చగాజులు తొడిగి వచ్చింది. తెల్లారితే పెళ్ళి. తెల్లారి చూస్తే కుడిచేతికి సగం గాజులు లేవు!

పెళ్ళిపూట గాజు పగలడమంటే మాటలా? ఇల్లంతా గొల్లుమంది. పెళ్ళికూతురి మేనత్త చేతులు తిప్పుకుంటూ దొర ముందుకొచ్చింది.

"ఆ గాజులది కావాలనే బీటలున్న గాజులు తొడిగింది. మన పిల్లకి కీడు కోరింది. దాని మలారం లాక్కో అన్నయ్యా. ఊరు దాటించు" అంది.

మలారం పోతే పైడమ్మకి ఇంకేముంది? మంచాన ఉన్న మనిషికి గంజి ఎవరు పోస్తారు?

పందిట్లో ఊరంతా చేరింది. పైడమ్మని నిలబెట్టారు. మలారం తెచ్చి దొర కాళ్ళ దగ్గర పడేశారు.

"పైడమ్మా, ఈ పగిలినవి నీవేనా?" అని అడిగాడు దొర.

పైడమ్మ తల వంచుకుంది. ఏమంటుందో అందరికీ తెలుసు. కొందరైతే ఆమె మాట ఆమెకంటే ముందే పెదవుల మీద అనేసుకున్నారు.

పైడమ్మ తల ఎత్తింది. "నాయి కావు బాబూ" అంది.

ముందే అనేసుకున్నవాళ్ళు నాలిక్కరుచుకున్నారు.

"గాజు పగిలిందంటే నాదే అనీదాన్ని. ఎన్నిళ్ళలో అన్నేదు? మీ పిల్లకి కీడు కోరినానంటే మాత్రం ఒప్పుకోను బాబూ. ఒక్కో గాజూ దణ్ణం పెట్టుకుని ఎక్కించినాను. నన్ను ఊరు దాటించినా ఆ మాట అన్ను."

అంది, ఏడ్చేసింది.

అందరికంటే ముందు లేచింది కుమ్మరి గవరమ్మ. సిగ్గేసింది పాపం. వెయ్యాలి కూడా.

"దొరబాబూ, ఈ పైడి తనది కాని పగులు కూడా తనదే అంటాది. వారం వాడీసి ముక్కలు తెస్తే మారుమాటాడకుండా నాకు కొత్తయి తొడిగింది. అలాటిది కాదన్నదంటే కాదన్నట్టే."

కమ్మరింటి కోడలు లేచింది. "నా దగ్గరా అంతే బాబూ" అంది. కరణంగారి ఇల్లాలు లేచింది. "నేనడిగింది న్యాయమే. అయినా పైడమ్మ అబద్ధమాడదు" అంది.

అప్పుడు పెళ్ళిపీట మీంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"నాన్నా, నేనే పగలగొట్టుకున్నాను. నిన్న సాయంత్రం చెమ్మచెక్క ఆడాం. అత్త తిడుతుందని చెప్పలేదు. పైడమ్మ ఎలాగూ తనదే అంటుంది కదా అనుకున్నాను."

దొర నవ్వాపుకోలేకపోయాడు. పందిరంతా నవ్వింది. "అయితే కీడేమీ లేదన్నమాట! బతికించావే తల్లీ" అని గుండె మీద చెయ్యేసుకుని కూలబడింది మేనత్త. పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరో పీట వేశారు, ఎవరో మజ్జిగ ఇచ్చారు. గుక్కతిప్పుకోకుండా తాగింది.

"మరి ఇకముందు? గాజు ఎక్కడిదాకా పైడమ్మది?" అన్నాడు దొర.

మళ్ళీ గవరమ్మే. "నా కుండ కొన్నోళ్ళు ఏలితో కొట్టి సూత్తారు. ఖంగుమంటే నెత్తికెత్తుకుంటారు. ఆ తరవాత పగిలితే నాది కాదంటాను. నాకో న్నాయం, పైడికో న్నాయమా? గాజులెక్కించాక పైడి అడగాల. ఏసుకున్నోళ్ళు సేతులూపి సూసుకుని సెప్పాల. అప్పటిదాకా పైడియి. ఆ పైన మనయి."

అందరికీ నచ్చింది. పెళ్ళికూతురు చెయ్యి చాపింది. పైడమ్మ కొత్త గాజులు ఎక్కించింది. ఎక్కించి ఊరుకుంది. అడగడం ఎప్పుడు తెలుసు గనక?

"అడగవే పైడీ" అన్నారు ఆడవాళ్ళు.

"సేతికొచ్చాయా తల్లీ?" అని గొణిగింది.

నరసాయమ్మ రెండు చేతులూ ఎత్తి గలగలలాడించింది. "వచ్చాయి" అంది. సన్నాయి మోగింది.

ఆ తర్వాత పైడమ్మ మలారం ఏనాడూ బక్కచిక్కలేదు. కానీ పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? అడిగి, వచ్చాయనిపించుకుని కూడా, ఎవరూ అడక్కుండానే ఒక గాజు ఎక్కువ తొడిగేది. "ఇది నాది తల్లీ, పగిలితే పగలనీ" అనేది. పైడమ్మ పోయిన రోజున ఊరి ఆడవాళ్ళంతా తలా ఒక గాజు తీసి ఏట్లో వదిలారట.

ఇప్పటికీ అటువైపు గాజులవాళ్ళు "చేతికొచ్చాయా" అని అడుగుతారు. కొన్నవాళ్ళు గలగలలాడించి చెబుతారు. దూడ అమ్మినా, బండి అమ్మినా, కొట్టు అద్దెకిచ్చినా, "ఎక్కడిదాకా ఎవరిదో, పైడమ్మ మాట అనుకున్నారా?" అని అడిగే పెద్దలు ఒకరైనా ఉంటారు. అనుకున్నచోట తగువులుండవు.

ఆ కొసరు గాజు కూడా వేస్తూనే ఉన్నారు. దాన్ని పైడమ్మ గాజంటారు. ఆడుకుంటూ పిల్ల గాజు పగలగొట్టుకుని బిక్కమొహంతో ఇంటికొస్తే, తల్లి చెయ్యి తిప్పి చూసి అంటుంది.

"ఏడవకే. పగిలింది పైడమ్మది. నీవన్నీ ఉన్నాయి."