వీరన్న నీళ్ళోసుకుంది

బుల్లెమ్మగారి దొడ్లో ఆ ఉదయం ఎవరికీ పని సాగలేదు. ఎద్దు బసవయ్య నెమరు ఆపేశాడు. కోడిపెట్ట సుబ్బులు గడ్డివామి ఎక్కి మరీ చాటింపు వేసింది.

"వినండర్రా! వీరన్న నీళ్ళోసుకుంది!"

వీరన్న అంటే ఆ ఇంటి పిల్లి. కూనగా ఉన్నప్పుడు దాని మీసాలు చూసి, మగదే అనుకుని బుల్లెమ్మ ఆ పేరు పెట్టింది. మీసాలు లేని పిల్లి ఎక్కడుంటుందని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆ వీరన్నే కడుపు మోసుకుంటూ భారంగా వసారాలో తిరుగుతోంది.

బుల్లెమ్మకు మాత్రం నవ్వు రాలేదు. గాదెలో వడ్లు రోజురోజుకీ తరిగిపోతున్నాయి.

"పాలు తాగి పడుకోవడం తప్ప దీనికి ఒక్క ఎలకను పట్టడం చేతకాదు. పైగా దీని సంతానాన్ని కూడా నేనే మేపాలా? పిల్లల్ని పెట్టగానే అందర్నీ గోతంలో కట్టి కాలవ అవతల వదిలేసి రావయ్యా" అంది మొగుడు సూరన్నతో.

"చూద్దాంలే" అన్నాడు సూరన్న.

గుమ్మం పక్కన పడుకున్న వీరన్న చెవిన ఆ మాట పడనే పడింది. తన సంగతి సరే, ఇంకా కళ్ళు తెరవని కూనలు గోతంలో ఏమైపోతాయి?

ఆ మాట విన్నవాడు ఇంకొకడున్నాడు. గాదె కింద కాపురముండే పందికొక్కు, దుబ్బయ్య. గాదెలో వడ్లన్నీ తినేది వాడే. ఒంటరి పిల్లి కళ్ళు కప్పి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు గానీ, పిల్లలకు వేట నేర్పే తల్లి ఇంట్లో ఉంటే వాడి పని అయిపోయినట్టే. అందుకే ఒక పాత గోతాన్ని ఈడ్చుకుంటూ గోడ మీదికెక్కాడు. కడుపుతో ఉన్నది గోడ దూకదులే అని వాడి ధైర్యం.

"అమ్మాయ్ వీరన్నా! మనకూ మనకూ పడదు, నిజమే. కానీ నిన్నిలా చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందే."

"ఏంటి బాబాయ్, ఇవాళ ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది?"

"నీకోసం గోతం కూడా తీసిపెట్టారు, ఇదిగో!" అంటూ కిందికి జారవిడిచాడు. "మీవాళ్ళకు ఆచారం ఉంది కదా, పిల్లల్ని ఏడిళ్ళు తిప్పాలని? ఆ తిరగడమేదో ఇప్పుడే మొదలెట్టు. ఊరవతల పాడుబడ్డ ఇటుక బట్టీ ఉంది, వెచ్చగా ఉంటుంది. ఆలస్యం అమృతం విషం!"

వీరన్న గోతాన్ని వాసన చూసింది. దాని అంచున తడి ఎర్రమన్ను అంటుకుని ఉంది. దొడ్డంతా నల్లరేగడే. ఎర్రమన్నుతో బుల్లెమ్మ అలికేది ఒక్క గాదె అరుగునే. అంటే ఈ గోతం తీసింది ఇంట్లోవాళ్ళు కాదు, ఇది గాదె కిందనుంచి వచ్చింది! వడ్ల దొంగ ఇల్లెక్కడో దొంగే చెప్పేశాడు.

"మంచిమాట గుర్తుచేశావు బాబాయ్. ఆచారం తప్పుతానా? ఇప్పుడే బయల్దేరతాను."

వాడు దిగిపోగానే వీరన్న బసవయ్య దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పింది.

"వెళ్ళేటప్పుడు అందరికీ కనబడేలా వెళ్ళు. వచ్చేటప్పుడు నా కాళ్ళ మధ్యనుంచి రా" అన్నాడు బసవయ్య. "సుబ్బులుకు మాత్రం చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

వీరన్న అందరికీ వెళ్ళొస్తానని చెప్పి వీధి గుమ్మం దాటింది. సుబ్బులు రెక్కలు కొట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజం కాబట్టే దుబ్బయ్యకు నమ్మకం కుదిరింది. పట్టపగలే గాదెలోకి ఎక్కి వడ్లమీద పడ్డాడు.

ఈలోగా వీరన్న ఎద్దు కాళ్ళ మధ్యనుంచి వచ్చి, గాదె వెనక తవుడుబుట్ట చాటున ఉన్న బొరియలో దూరింది. లోపల చూస్తే ఏముంది! మెత్తటి గడ్డి, పాతగుడ్డలు, మూలన వడ్లరాశి. పురిటిగదికి ఇంతకన్నా ఏం కావాలి? నొప్పులు అక్కడే మొదలయ్యాయి, కూనలూ అక్కడే పుట్టాయి.

దుబ్బయ్య సాయంత్రం దాకా మెక్కి బొజ్జ నింపుకుని, గాదె అడుగునున్న కంతలోంచి తన ఇంట్లోకి దిగబోయాడు. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి.

"ఎ... ఎవరది?"

"నేనే బాబాయ్. మెల్లగా, పిల్లలు నిద్రపోతున్నారు."

"ఇది నా ఇల్లే!"

"ఏడిళ్ళు తిప్పమన్నది నువ్వే కదా? మొదటిల్లు పెద్దవాళ్ళదైతే శుభమని నీ ఇంటికే వచ్చాను. మిగతా ఆరూ మీ చుట్టాలవి చెప్పు, వరసగా వస్తాను."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దుబ్బయ్య వెనక్కి తిరిగి, గాదె తలుపులోంచి నట్టనడి దొడ్లోకి దూకాడు. సుబ్బులు ఊరంతా వినబడేలా అరిచింది. బసవయ్య తీరిగ్గా వాడి తోకమీద గిట్ట వేశాడు. వాడు సగం తోక అక్కడే వదిలి, మిగతా సగంతో ఇటుక బట్టీ దారి పట్టాడు.

చీపురుతో పరుగెత్తుకొచ్చిన బుల్లెమ్మ గాదె వెనక్కి వెళ్ళి తవుడుబుట్ట పక్కకు లాగింది. బొరియ, వడ్లరాశి, వీరన్న పొట్టకు అతుక్కుని పాలు తాగుతున్న కూనలు కనబడ్డాయి.

"అయ్యో నా తల్లీ! ఈశ్వరుడు కూడా పట్టలేని ఇంటిదొంగను పురిట్లో ఉండి పట్టావా!"

సరిగ్గా అప్పుడే దొడ్లో పడున్న గోతం దులుపుకుంటూ సూరన్న వచ్చాడు. "కాలవ అవతలికేనా?"

"కాలవ అవతలికి నువ్వెళ్ళు! ఆ గోతం ఇలా తే, పిల్లల కింద పరుస్తాను. పొయ్యిమీద పాలున్నాయి, అవి కూడా పట్రా. మా వీరమ్మ బాలింత!"

ఎదుటివాళ్ళ ఇల్లు ఖాళీ చేయించాలని చూసేవాడు ముందు తన ఇల్లు పోగొట్టుకుంటాడు.