పెరటి కలుగు మూయని నూకాలు

అనగనగా ఒక అడవి. అడవి అంచున ఒక చేను. ఆ చేని గట్టు కింద ఎలుకల పట్నం. పైకి ఉత్త మట్టే గానీ, లోపల వీధులు, సందులు, గాదెలు... అబ్బో! ప్రతి వీధికీ రెండు కలుగులు. రాకపోకలకి ముందు కలుగు, ఆపదొస్తే పారిపోవడానికి పెరటి కలుగు. తాతల నాటి పద్ధతి అది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గింజలు కరువయ్యాయి. పట్నం పెద్ద గవరయ్య అనే పందికొక్కు బొజ్జ నిమురుకుంటూ చాటింపు వేయించాడు.

“కరువొచ్చింది! వీధులు సగం చేసి గాదెలు కట్టండి!”

కట్టారు.

మర్నాడు, “గాలి కన్నాలు దండగ! అవీ గాదెలు చేయండి!”

చేశారు. ఊపిరాడక తుమ్ముకుంటూ చేశారు.

మూడోనాడు, “పెరటి కలుగులు కూడా మూసేసి గాదెలు చేయండి!”

ఆఖరి వీధిలో మట్టి తవ్వుకు బతికే నూకాలు అనే ఎలుక అడిగింది. “ఉన్నవే నాలుగు గింజలు, ఇన్ని గాదెలెందుకు పెద్దయ్యా?”

“గాదెలుంటే గింజలు వాటంతటవే వస్తాయే!”

“అయితే ఉయ్యాల కడితే పిల్లలు కూడా వచ్చేస్తారా?”

ఎలుకలన్నీ కిచకిచా నవ్వాయి. గవరయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. “మూయకపోతే నీ వంతు గింజలు ఆపేస్తా!”

“ఆపండి. పస్తుంటే చిక్కిపోతాం. దారి లేకపోతే చచ్చిపోతాం. నేను మూయను!”

అంటూ నూకాలు తన వీధి పెరటి కలుగుకి అడ్డంగా కూర్చుంది. మిగతా వీధులవాళ్ళు భయపడి తమ కలుగులు మూసేశారు. నూకాలు పిల్లలకి గడ్డి దుంపలు పెట్టింది, తనూ అవే కొరికింది.

కరువు ఎలుకలకేనా? పాములకీ వచ్చింది. నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం ఒక జెర్రిపోతు ముందు కలుగులో తల దూర్చింది. పట్నమంతా పెరటివైపు పరిగెత్తింది. మూసిన మట్టి రాయిలా బిగిసిపోయింది.

“ఇటు రండర్రా! పిల్లల్ని ముందు పంపండి!” అని అరిచింది నూకాలు.

అందరూ ఆమె కలుగులోంచి బయటపడ్డారు, ఒక్కరు తప్ప.

“నూకాలూ, తల్లీ! సందులో ఇరుక్కుపోయానే!”

“వీధి సగం చేశారు గానీ, బొజ్జ సగం చేయడం మరిచారు పెద్దయ్యా!” అంటూనే నూకాలు వెనక్కి ఉరికింది. గోడ గీకి, చెవి పట్టి, గవరయ్యని బయటికి లాగింది.

పాము వెళ్ళిపోయాక గవరయ్య గొంతు సవరించుకున్నాడు. “నా ముందుచూపు వల్ల బతికాం. ఈ కలుగుకి ‘గవరయ్య ద్వారం’ అని పేరు పెడదాం.”

“పెట్టుకోండి. మళ్ళీ మూయమంటే మాత్రం మళ్ళీ అడ్డంగా కూర్చుంటా!” అంది నూకాలు.

“మేమూ కూర్చుంటాం!” అన్నాయి ఎలుకలన్నీ. చాటింపు కోసం ఎదురుచూడకుండా, తలో కలుగూ తవ్వడం మొదలెట్టాయి.

నీతి: కరువు పేరు చెప్పి అందరినీ కాపాడే దారిని మూయమంటే, పస్తులైనా ఉండు గానీ ఆ దారి వదులుకోకు.