కంటిలో పాప

నరహరయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా మాటకు అర్థం అడిగితే ఆయన నిఘంటువు తీయరు. ఆ మాట ఎవరి బతుకులో తనకు కనబడిందో చెబుతారు.

ఒకనాడు శిష్యురాలు సువర్చల అడిగింది. "గురువుగారూ, ఇంగ్లీషువాళ్ళు ప్రాణంగా చూసుకునే మనిషిని కంటిలోని ఆపిల్ అంటారు. నల్లగుడ్డు పండులా గుండ్రంగా ఉంటుందని పూర్వం అనుకునేవారట, అందుకని. మనం కంటిపాప అంటాం. అంత చిన్న నల్లచుక్కలో పాప ఎక్కడుందండీ?"

ఆయన గుంటూరు దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పారు.

తల్లి పోయాక చెల్లెలు సౌరమ్మను అక్క పిచ్చమ్మే పెంచింది. ఆ పిల్ల పెద్దదై, లారీ నడిపే యేసుపాదాన్ని తప్ప ఇంకెవర్నీ చేసుకోనంది. పిచ్చమ్మ ఒప్పుకోలేదు, పెళ్ళికీ వెళ్ళలేదు. ఆనాటినుంచి మాటల్లేవు. ఇద్దరూ ఒకే మిరపకల్లంలో రంగుమాసిన తాలుకాయలు ఏరేవారు. ఒకరు ఈ చివర కూర్చుంటే మరొకరు ఆ చివర.

ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచి కల్లమంతా ఎర్రటి దుమ్ము కమ్మింది. పిచ్చమ్మ కన్ను పట్టుకుని కేకపెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చారు. ఎవరు చెయ్యి వేసినా విదిలించుకుంటోంది, కన్ను ఇంకా నలుపుకుంటోంది.

"నలపకే అక్కా! చూపు పోతుంది!"

సౌరమ్మ పరుగున వచ్చి అక్క మణికట్లు గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు వినగానే పిచ్చమ్మ చేతులు దించేసింది. సౌరమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, ధారగా నీళ్ళు పోసి, రెప్ప విప్పి చూసింది. మిరపతొక్క ముక్క ఒకటి అంటుకుని ఉంది. పైటకొంగు తడిపి మెల్లగా తీసేసింది. తీశాక కూడా సౌరమ్మ ముఖం పైకెత్తలేదు, ఆ కంటిలోకే చూస్తోంది.

"ఇంకా ఏమన్నా ఉందా?" అంది పిచ్చమ్మ భయంగా.

"ఉంది. నీ నల్లగుడ్డులో నేనున్నాను, చిన్నపాపలా ఇంతే ఉన్నాను" అంది సౌరమ్మ.

"నువ్వు ఎప్పుడు లేవు కనకే?" అంది పిచ్చమ్మ.

ఆ పూట పిచ్చమ్మ చెల్లెలింట్లో అన్నం తిన్నది. యేసుపాదమే వడ్డించాడు. ఆమె వద్దనకుండా మారు పెట్టించుకుంది.

సువర్చల కళ్ళు తుడుచుకుంది గాని సందేహం వదల్లేదు. "కానీ గురువుగారూ, ఎదురుగా ఉన్న ఎవరి బొమ్మయినా కంట్లో పడుతుంది కదండీ. అది కంటి స్వభావం. అందులో ప్రేమ ఏముంది?"

"నిజమేనమ్మా, ఎవరి బొమ్మయినా పడుతుంది" అన్నారు నరహరయ్యగారు. "అది కనబడేటంత దగ్గరికి ఎవర్ని రానిస్తాం?"