కావుమనని కాకి

అనగనగా ఒక ఏరు. ఏటికి అటు చీమల గుహ, ఇటు కాకుల గుంపు. ఊఁ కొడుతూ వినండి, ఊఁ కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆ గుహలో చీమలకు పెద్ద గాదె ఉండేది. వానాకాలానికి ముందే పక్షులన్నీ తమ గింజలు అక్కడ దాచుకునేవి. వాకిట ఒక తెల్లగవ్వ వేలాడేది, అదే గుర్తు. ఎప్పుడు వెళ్లినా చీమలు లోపలికి తీసుకెళ్లి, "ఇదిగో నీ కుప్ప, ముక్కుతో తాకి చూసుకో" అనేవి.

కాకులకూ ఒక కట్టుబాటు ఉంది. గింజ దొరికినా, గండం కనబడినా కావుమని పదిమందినీ పిలవాలి. పిలవని కాకి కాకే కాదు.

ఆ గుంపులో మసిరెక్క అనే తల్లికాకి. గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలు. ఈ వానలు గట్టెక్కితే చాలు, పిల్లలు బతికిపోతారు. దాని బెంగంతా అదే.

ఒకనాడు ఏటికి ఇటువైపునే కొత్త గాదె వెలిసింది. అదే రాతి వాకిలి, అదే తెల్లగవ్వ. వాకిట్లో మంజువాణి అనే చిలుక. ఆహా, ఏం పలుకులు! తేనె కారిపోయేది.

"రా తల్లీ, రా! ఇది చీమల గాదెకు తోబుట్టువే. ఏరు దాటే శ్రమ దేనికి? పైగా ఇక్కడ గింజ ఊరికే పడుండదు, పెరుగుతుంది. ఒక్క మాట, ఎవరినీ పిలవకు. లోపల చోటు తక్కువ."

నాటకుండా, నీళ్లు పొయ్యకుండా గింజ పెరగడమేమిటి? మీకొచ్చిన అనుమానం మసిరెక్కకు రాలేదు. ఆశ అలాంటిది మరి.

మొదటిసారి మసిరెక్క ముక్కెడు గింజలు దాచమని ఇచ్చింది. కొన్నాళ్లకు వెళితే చిలుక కిటికీ తెరిచి చూపింది. అమ్మో! కుప్ప, కుప్ప వెనక ఇంకో కుప్ప, దాని వెనక మరో కుప్ప. "కొన్ని ఇవ్వవా?" అంటే చిలుక మారుమాట లేకుండా, ఇచ్చినదానికంటే ఎక్కువే తెచ్చి ఇచ్చింది. ఇంకేముంది, గురి కుదిరిపోయింది.

రెండోసారి చీమల గాదెలో ఉన్న గింజలన్నీ మోసుకొచ్చేసింది. ముసలి చీమ అడిగింది: "అక్కడ నీ కుప్పను ముక్కుతో తాకావా అమ్మా?"

"కళ్లతో చూశానుగా అవ్వా" అని మసిరెక్క విసుక్కుంది.

మూడోసారి, మబ్బులు కమ్మాక వెళ్లి, "నా గింజలు నాకిచ్చెయ్" అంది.

"అయ్యో, దానికేం! కాకపోతే తలుపు సుంకం కట్టాలి."

"నా కుప్పలోంచే తీసుకోరాదా?"

"తలుపు తీయనిదే కుప్పలోంచి ఎలా తీసేది తల్లీ?"

నిజమే కదా అనిపించింది. పిల్లల కోసం గూట్లో అట్టిపెట్టిన చివరి గింజలు కూడా తెచ్చి చిలుక కాళ్ల దగ్గర పోసింది. చిలుక వాటిని లోపల పెట్టుకుని, "ఇక తూకం సుంకం ఒక్కటే మిగిలింది" అంది.

అప్పుడొచ్చింది మసిరెక్కకు అనుమానం. కిటికీలోకి గభాలున ముక్కు దూర్చింది. టక్కుమంది. గింజలు కావు, అద్దం! ఎదురెదురుగా రెండు అద్దాలు, నడుమ ముక్కెడు గింజలు. ఇన్నాళ్లూ చూసి మురిసిన కుప్పలన్నీ ఆ ముక్కెడే.

"దొంగా! ఇప్పుడే కాకులందరినీ పిలుస్తాను."

"పిలువు, పిలువు" అని చిలుక నవ్వింది. "ఎవరినీ పిలవకుండా ఒక్కదానివే దాచుకుందామని వచ్చావని కూడా చెప్పు మరి."

ఆ మాటతో మసిరెక్క నోరు పడిపోయింది. తేలు కుట్టిన దొంగలా గూటికి చేరింది. సిగ్గు, ఒకటే సిగ్గు! గుంపు కంటబడకుండా చాటుచాటుగా తిరిగింది. పిల్లలు "అమ్మా, గింజ" అని నోళ్లు తెరిస్తే ముఖం తిప్పుకునేది.

పావురం ఎదురై, "కొత్త గాదెలో నీ గింజలెలా ఉన్నాయి?" అని అడిగింది.

"దివ్యంగా పెరుగుతున్నాయి. నీవో?"

"నావీ అంతే!"

రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ఎగిరిపోయాయి.

ఆ అబద్ధం ఊరికే పోతుందా? పక్కగూటి బూడిదమెడ చెవిన పడింది. నిన్నగాక మొన్న గుడ్లు పొదిగిన పిల్లతల్లి అది. "అక్కా, నీ గింజలు దివ్యంగా పెరుగుతున్నాయట కదా! నావీ అక్కడే పెట్టనా?" అని అడిగింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఊఁ... నీ ఇష్టం" అని మసిరెక్క గొణిగింది. ఛీ, ఎంత మాట! అన్నాక తన నోటిని తానే అసహ్యించుకుంది.

మర్నాడు చూస్తే బూడిదమెడ గింజల మూట కరుచుకుని ఏరు దాటి వస్తోంది. పక్కగూట్లో దాని పిల్లలు సన్నగా అరుస్తున్నాయి, అచ్చం తన పిల్లల్లాగే. మసిరెక్క ఇక ఆగలేకపోయింది. చిటారుకొమ్మకు ఎగిరి గొంతెత్తింది.

"కావు! కావు! ఆగవే చెల్లీ! అది గాదె కాదు, అద్దాలు! నేను మోసపోయాను. మిమ్మల్ని పిలవకుండా ఒక్కదాన్నే దాచుకుందామనుకుని మోసపోయాను. నిన్న నీకూ అబద్ధం చెప్పాను!"

ఎక్కడో పిచ్చుక ఒకటి కిసుక్కుమంది. మసిరెక్క రెక్కల్లో తల దాచుకుంది.

అప్పుడు పావురం మెల్లగా, "నేనూ పోగొట్టుకున్నాను" అంది. "నేను కూడా" అంది గోరింక. నవ్విన పిచ్చుక కూడా, "నావీ పోయాయి" అని తల దించుకుంది.

అన్నీ కలిసి కట్టగట్టుకుని వెళ్లాయి. చిలుక అప్పటికే గింజలతో ఉడాయించింది. పోయినవి తిరిగి రాలేదు. అది నిజం, మీ దగ్గర దాచడమెందుకు?

సాయంత్రం బూడిదమెడ తన మూటలో సగం తెచ్చి మసిరెక్క గూట్లో పోసింది.

"వద్దే, నీ ముఖం చూడటానికే నాకు సిగ్గుగా ఉంది."

"నువ్వు అరవకపోతే మనిద్దరి పిల్లలూ పస్తులే. పెట్టక్కా, ఆకలిమీదున్నారు."

మసిరెక్క తల వంచుకునే పెట్టింది. పిల్లలు ఆబగా తిన్నాయి.

కొన్నాళ్లకు ఒక కబురు వచ్చింది. గుట్టల అవతలి అడవిలో కొత్త గాదె వెలిసిందట, వాకిట తెల్లగవ్వ వేలాడుతోందట. మసిరెక్కకు సిగ్గు ఇంకా పోలేదు. అయినా వానలో తడుస్తూనే ఎగిరి వెళ్లి, అక్కడి చిటారుకొమ్మ మీద వాలి, తన కథ తనే చెప్పుకుంది. ఆ గాదెకు ఒక్క గింజ కూడా రాలలేదు.

అందుకే పిల్లలూ, గుర్తుంచుకోండి: మోసపోయినవాడి మౌనమే మోసగాడి మూలధనం.