సర్దుడు పావుగంట

"అమ్మగారూ, కోప్పడనంటే ఒక మాట అడుగుతాను. కథ పది నిమిషాలు చెబుతారు. ఆట ఇరవై నిమిషాలు ఆడిస్తారు. ఆ తరవాత పావుగంట సామాను సర్దించడానికే పోతుంది. నాలుగేళ్ళ పిల్లలు పావుగంటలో సర్దేది మనం రెండు నిమిషాల్లో సర్దెయ్యలేమా?"

ఇలా అడిగింది కెజియా. మొగలరేవు చర్చిలో ఆదివారపు బడికి, అందులోనూ శిశు తరగతికి, కొత్తగా చేరిన టీచరు ఆమె. పట్నంలో పది రోజులు శిక్షణ తీసుకుని, చార్టులు, రంగు కాగితాలు, రెండు ఫైళ్ళు వెంటబెట్టుకుని వచ్చింది. ఉత్సాహానికి లోటు లేదు. ఆరంభశూరత్వం మనవాళ్ళకి ఉగ్గుపాలతోనే పోస్తారు కాబట్టి అందులో ఆమెను తప్పుపట్టడానికీ లేదు.

ఆమె అడిగింది దోర్కమ్మ గారిని. ఆవిడ నలభై ఏళ్ళుగా ఆ తరగతి నడుపుతున్నారు. బొమ్మల పుస్తకం చూపించి కథ చెప్పడం ఆవిడకి నచ్చదు. పిల్లల చేతులతోనే చెప్పిస్తారు. పాత దుప్పటి పెద్ద చేపవుతుంది, అది మింగేసిన యోనా పాత్రధారి దాని కింద దూరి మూడు రోజులు ఉండాలి, అంటే మూడు అంకెలు లెక్కపెట్టేదాకా. అట్టపెట్టెలు పేర్చితే యెరికో కోట గోడ. దూది అంటించిన అగ్గిపెట్టెలు గొర్రెలు. ఇదంతా ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో ఉంటుంది. ఆట అయ్యాక ఏ పిల్ల తీసింది ఆ పిల్లే తెచ్చి, పెట్టె ముందు నిలబడి, చేతిలో ఉన్నదాని మొహం చూసి, "ఇక వెళ్ళు" అని చెప్పి లోపల పెట్టాలి. ఒకరిది ఇంకొకరు పెట్టకూడదు. ఒకసారి ఒక బుడతడు గొర్రెపిల్లని వదలనని మొండికేస్తే, పెద్దల ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకి పోయినా ఆవిడ వాడి ఎదురుగా కూర్చునే ఉన్నారు. తిట్టలేదు, లాక్కోలేదు. వాడే పెట్టాడు.

ఆవిడ గురించి ఊళ్ళో పెద్దగా ఎవరికీ తెలియదు. పెళ్ళైన కొత్తలో ఒక కూతురు పుట్టి నాలుగో ఏట పోయిందని పాతవాళ్ళు అనుకునేవారు. ఆవిడ మాత్రం ఏనాడూ ఆ ఊసెత్తలేదు. తరగతిలో ఆవిడ కుర్చీ పక్కన నీలం రంగు వేసిన చిన్న కుర్చీ ఒకటి ఖాళీగా ఉండేది. ఏ పిల్లైనా అటు వెళితే "ఇలా రామ్మా" అని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు. దాని కాలు విరిగిందేమో, పిల్లలు పడతారని భయమేమో అనుకుంది కెజియా.

ప్రశ్నకి జవాబు చెప్పడం దోర్కమ్మ గారి అలవాటు కాదు. ఏదో ఒక పని పురమాయించడమే అలవాటు. ఆ రోజూ అంతే.

"వచ్చే ఆదివారం నువ్వే చెప్పమ్మా. ముగింపు నీ ఇష్టం," అన్నారు.

ఆదివారం కెజియా లాజరు కథ ఎంచుకుంది, గుడ్డలు చుట్టి సమాధిలో పెట్టినవాణ్ణి ఏసు పేరు పెట్టి పిలిచి బతికించిన కథ. పాత పంచె చింపి ఏడు పేలికలు చేసింది. బల్ల మీద నల్ల దుప్పటి కప్పి సమాధి కట్టింది. ఎబినేజరు అనే బొద్దు పిల్లాడికి, అందరూ ఎబ్బీ అంటారు, పిల్లలందరి చేతా ఆ పేలికలు చుట్టించింది. వాడు చక్కిలిగింతలకి నవ్వుతూనే బల్ల కిందికి దూరాడు.

"ఇప్పుడు అందరం గట్టిగా పిలవాలి. లాజరూ, బయటికి రా!"

మొదటిసారి నవ్వులతో పిలిచారు. రెండోసారి నవ్వులు తగ్గాయి. మూడోసారి పద్నాలుగు మంది పిల్లలు ఒకే గొంతుతో పిలిచేసరికి కెజియాకే ఒళ్ళు ఝల్లుమంది. దుప్పటి కదిలింది. తెల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. పిల్లలు ఊపిరి బిగబట్టి, ఆ తరవాత గది ఎగిరిపోయేలా అరిచారు.

అంత బాగా కుదిరిన పాఠం తను ఎన్నడూ చూడలేదనుకుంది కెజియా. టైము అయిపోవస్తోంది. ఎబ్బీ ఒంటి మీది పేలికలు గబగబా తనే లాగేసి, చేతికందినవి ట్రంకులో కుక్కి, పిల్లలందరికీ తలా ఒక చాక్లెట్ పెట్టి పంపేసింది. రెండు నిమిషాలే పట్టింది. గోడ వారన కూర్చున్న దోర్కమ్మ గారి వంక కొంచెం గర్వంగానే చూసింది. ఆవిడ ట్రంకు వంక చూస్తున్నారు.

ఒక పిల్ల మాత్రం వెళ్ళలేదు. హెప్సీ. నాలుగేళ్ళు. రొయ్యల షెడ్డులో పనిచేసే సుగుణ కూతురు. సుగుణ కామెర్లతో పోయి అప్పటికి నెల. చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. తల్లిని పెట్టెలో ఉంచి మూత వేస్తున్నప్పుడు కూడా ఆ పిల్ల ఏడవలేదు. ఆ తరవాతా ఏడవలేదు.

"టీచర్, మా అమ్మని పిలవచ్చా?"

కెజియా అప్పుడు చార్టులు చుడుతోంది. పిన్ను నోట్లో ఉంది. "పిలువమ్మా, పిలువు," అంది, తల ఎత్తకుండా.

కాసేపటికి కిటికీలోంచి ఆమెకి సమాధుల తోట కనిపించింది. మిట్టమధ్యాహ్నం, ఎండకి సున్నం రాళ్ళు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. పిట్ట కూడా అరవడం లేదు. హెప్సీ తోటలోంచి నడిచి వస్తోంది. కుడి చెయ్యి తలకన్నా ఎత్తుకి లేపి, వేళ్ళు ముడిచి ఉంచింది, ఎవరో పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు. పక్కన ఎవరూ లేరు. గేటు దగ్గర ఆగి, తనొక్కతే పట్టేంత కాదు, ఇద్దరు పట్టేంత బార్లా తెరిచింది. నాయనమ్మ ముందు వెళ్ళి ఉంటుందిలే అనుకుంది కెజియా. అలా అనుకోవాలని అనుకుంది. ఇంటికి వెళ్ళే ముందు లెక్క చూసుకుంటే పేలికలు ఆరే ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం స్త్రీల కూడికకి హెప్సీ నాయనమ్మ సారమ్మ వచ్చింది. మామూలుగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు కూడిక అయ్యేదాకా నోరు విప్పలేదు. అందరూ వెళ్ళాక దోర్కమ్మ గారి ముందు కూలబడింది.

"పిల్ల తిండి మానేసిందండి టీచరమ్మగారూ. రెండు కంచాలు పెట్టమంటంది. తన ముద్ద తీసి ఆ కంచంలో పెడతంది. అమ్మొచ్చింది, జరుగు మామ్మా, అంటందండి. మొదట కసిరేను. నిన్న మజ్జానం చాపేసుకుని నడుం వాల్చేను. కాసేపటికి చూసుకుంటే..." ఆమె గొంతు తగ్గింది. "నేనే జరిగి పడుకున్నానండి. ఎవరూ చెప్పకుండానే. ఆ పక్క చాప ఐసు పెట్టినట్టుందండి."

పాటల పుస్తకాలు ఏరుతున్న కెజియా అవి అక్కడే వదిలి దగ్గరికి వచ్చింది.

"అదొక్కటే అయితే దేవుడి మీద భారం వేసి ఊరుకుందును. పొద్దున్న గౌను సంచిలో పెట్టుకుందండి. ఎక్కడికే అంటే, రేపు అమ్మ వాళ్ళింటికి తీసికెళ్తానందంట. నాకున్నది అదొక్కత్తే కదండీ!" అని సారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కెజియాకి తప్పు తనదేనని తెలుస్తోంది, దాన్ని ఎక్కడ పట్టుకుని సరిదిద్దాలో తెలియడం లేదు. "అమ్మగారూ, నేను వెళ్ళి చెప్పేస్తాను. అక్కడ ఎవరూ లేరని, అది ఉత్త ఆటేనని నచ్చజెబుతాను," అంది.

"పిలవమన్నదానివి నువ్వే," అన్నారు దోర్కమ్మ గారు. "ఇప్పుడు లేదంటే ఆ పిల్ల నీ ఏ మాట నమ్మాలి?" తరవాత సారమ్మ వైపు తిరిగి, "వెళ్ళి పిల్లని తీసుకురా. ఆట ఇంకా అవలేదని చెప్పు," అన్నారు.

హెప్సీ వచ్చింది. ఎడమ భుజానికి గౌను సంచి. గుమ్మం దగ్గర ఆగి పక్కకి ఒదిగింది, ఎవరినో ముందు లోపలికి రానిచ్చినట్టు. తరవాత తను వచ్చింది. ఏడో పేలిక ఆమె మణికట్టుకి కట్టి ఉంది. దాని రెండో కొస నేలకి జారాలి. జారలేదు. పైకి, కొంచెం ఏటవాలుగా నిలిచి ఉంది. గాలికి అయ్యుంటుందని ఈ సంగతి విన్నవాళ్ళు అంటారు. కరెంటు లేదు, కిటికీలు మూసి ఉన్నాయి, గాలి ఎక్కడిదని కెజియా అడుగుతుంది.

దోర్కమ్మ గారు ట్రంకు తెరిచి దాని పక్కన నేల మీద కూర్చున్నారు.

"సర్దుడు మిగిలిపోయింది తల్లీ. ముందు కట్లు విప్పాలి కదా. విప్పకపోతే అమ్మ ఎలా నడుస్తుంది?"

హెప్సీ ఆలోచించింది. తరవాత పనిలో దిగింది. ఖాళీలో చేతులు ఆడిస్తూ, కాళ్ళ దగ్గర కూర్చుని ఒక ముడి విప్పింది. నడుము దగ్గర ఒకటి విప్పింది. ప్రతి ముడికీ నాలుక బయటపెట్టి శ్రద్ధగా లాగింది. తరవాత ఆగిపోయింది.

"తల దగ్గర అందట్లేదు."

"కెజియా, ఎత్తుకో," అన్నారు దోర్కమ్మ గారు.

పారిపోదామని కెజియాకి అనిపించిన మాట నిజం. కాళ్ళు మాత్రం ముందుకే నడిచాయి. పిల్లని ఎత్తుకుంది. హెప్సీ రెండు చేతులూ చాచి, ఎవరి తల వెనకో చుట్టి, ముడి వెతుక్కుంది. కెజియా కళ్ళు గట్టిగా మూసుకుంది. రొయ్యల షెడ్డు వాసన వేసింది, ఐసూ ఉప్పూ కలిసిన వాసన. చెంపకి అంగుళం దూరంలో చల్లగా ఏదో ఉంది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకి తెలియదు.

"వచ్చేసింది," అంది హెప్సీ. మణికట్టున ఉన్న పేలికని కూడా తనే ఊడదీసింది. దించాక దాన్ని నాలుగు మడతలు పెట్టి ట్రంకు దగ్గరికి తెచ్చింది. ఆ గుడ్డ తడిగా ఉంది.

"ఇప్పుడు ఏమంటాం?" అన్నారు దోర్కమ్మ గారు.

పిల్ల మడతపెట్టిన పేలికని గుండెకి హత్తుకుంది. "నేను ఉంచేసుకోనా?"

"చేపని ఉంచుకున్నావా?"

"లేదు."

"గొర్రెపిల్లని?"

"లేదు." పేలికని లోపల పెట్టి, తలెత్తి, తనకన్నా చాలా ఎత్తున ఉన్న మొహాన్ని చూసినట్టు చూసింది. "అమ్మా," అంది. "ఇక వెళ్ళు."

దగ్గరగా వేసి ఉన్న తలుపు జానెడు తెరుచుకుంది. బయట ఎండ గీతలా లోపల పడింది. అంతే. హెప్సీ తన కుడి చెయ్యి తెరిచి, అరచేతిని చూసుకుంది. నెల రోజులుగా ఎక్కడ దాచుకుందో, అప్పుడు ఏడ్చింది. "మామ్మా, అమ్మ వెళ్ళిపోయింది," అంటూ వెళ్ళి సారమ్మ మెడకి కరుచుకుంది. సారమ్మ మనవరాలిని ఒక చంకనా, గౌను సంచిని ఇంకో చంకనా వేసుకుని, ఏడుస్తూ, పిల్లకి అన్నం పెట్టాలి అన్నం పెట్టాలి అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

గదిలో గురువూ శిష్యురాలూ మిగిలారు. కెజియా గోడ గడియారం చూసింది. సర్దుడు మొదలుపెట్టి పావుగంట దాటి ఒక నిమిషం అయింది. దగ్గరగా ఉన్న కుర్చీ ఏదో లాక్కుని కూర్చోబోయింది. అది నీలం రంగు చిన్న కుర్చీ. కాళ్ళు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. దాని వీపు ఆమె అరచేతికి చల్లగా తగిలింది, ఇందాక చెంప పక్కన తగిలిన చల్లదనంలాగే.

దోర్కమ్మ గారు ఆమె మణికట్టు మెల్లగా పట్టుకున్నారు.

"అది కాదమ్మా. పక్కది తీసుకో."

కెజియా కుర్చీని చూసింది, ఆవిడని చూసింది. పక్కది లాక్కుని కూర్చుంది. ఆవిడ ట్రంకు మూత దించి, దాని మీద చెయ్యి ఆనించారు.

"నాకు ఆ పావుగంట ఎవరూ ఇవ్వలేదు," అన్నారు.