రా సుక్కూ

అనగా అనగా, సముద్రం ఇంకా ఇంత ఉప్పగా లేని రోజుల్లో, ఇసుకదిబ్బల వెనక ఒక జాలరిపల్లె ఉండేది. పదిహేను గుడిసెలు, పదహారు తెప్పలు, లెక్కకు అందనన్ని పీతలు. ఆ పల్లెలో సుక్కమ్మ అని ఒకావిడ ఉండేది. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్ముకునేది. చెప్పుకోదగ్గ మనిషేం కాదు. గొంతు మాత్రం గొంతే! "చేపలో" అని ఒక్క కేక వేస్తే మూడూళ్ళ అవతలి పిల్లులు పిల్లాపాపలతో సహా బయల్దేరి వచ్చేవి.

ఆవిడ మొగుడు మసేను. ఊరంతా సుక్కమ్మా అంటే, మసేను ఒక్కడే సుక్కూ అనేవాడు. వేట నుంచి వస్తూ, తెప్ప ఒడ్డుకు చేరకముందే, కెరటాల మీద నుంచే అరిచేవాడు.

"రా సుక్కూ! రా సుక్కూ!"

ఆవిడ మొలలోతు నీళ్ళలోకి ఉరికి తాడు అందుకునేది.

ఒకరోజు మసేను వేటకు వెళ్ళాడు. తెప్ప రాలేదు. తెడ్డు రాలేదు. మసేనూ రాలేదు.

సుక్కమ్మ ఏడ్చింది. సముద్రానికి ఈ ఉప్పు అప్పుడు పట్టిందే. అబద్ధమైతే ఓ గుక్క నోట్లో పోసుకుని చూడండి.

అప్పట్నుంచి పొద్దున్నే ఒడ్డున కూర్చుని చెవి సముద్రానికి అప్పగించేది. నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి, ముందుపళ్ళు రెండు పోయాయి. పిలుపు మాత్రం రాలేదు.

ఓ ఏడు పెద్ద గాలివాన పట్టింది. దొరల ఓడ ఒకటి ఇసుకమేట కొట్టుకుని ముక్కలైంది. తెల్లారేసరికి కెరటాల అవతల నుంచి కేక.

"రాసుక్కూ! రాసుక్కూ!"

సుక్కమ్మ చటుక్కున లేచింది. "మీ అన్నే! నన్ను సుక్కూ అని ఇంకెవరు పిలుస్తారే?"

ఆడపడుచు నీలాలు అడ్డం వచ్చింది. "గాలి అలా వినిపించింది ఒదినా, ఎళ్ళకు!"

వింటేనా! తెప్ప తోసింది. తెడ్డు పట్టింది. కెరటం ఎక్కింది. ఆ కెరటం ఎంతెత్తంటే, దాని కొనమీద నుంచి చూస్తే మర్నాటి పొద్దు పొడవడం కనిపించిందట.

అక్కడ చెక్కముక్క పట్టుకుని, ఉడికించిన రొయ్యలా ఎర్రగా ఒక దొర. సుక్కమ్మ ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి చూసింది. మసేను కాదు. అయినా జుట్టు పట్టి వాణ్ణి తెప్ప మీదకి లాగింది.

ఒడ్డున పడేసి కుదిపి అడిగింది. "నా పేరు నీకెవడు చెప్పాడ్రా?"

వాడు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

పట్నం నుంచి గొడుగేసుకుని దుబాసీ వచ్చాడు. "అది నీ పేరు కాదమ్మా. రెస్క్యూ. దొరల మాట. ప్రాణం పోతోంది, కాపాడండని అర్థం. నీళ్ళలో పడ్డా అదే, నిప్పులో చిక్కుకున్నా అదే. నువ్వు చేశావే, ఆ కాపాడ్డాన్నీ అదే అంటారు."

"పిలిచేదీ అదే, చేసేదీ అదేనా?"

"అదే."

"మరి నా పేరు అందులోకి ఎలా దూరింది బాబూ?"

దుబాసీ గొడుగు మూసి మళ్ళీ తెరిచాడు.

"మా ఆయన ఆళ్ళ ఓడెక్కుంటాడు. ఆయనే నేర్పుంటాడు," అని తేల్చేసింది సుక్కమ్మ. దొరతో చెప్పింది. "కనిపిస్తే చెప్పు నాయనా, వంకాయలో ఎండురొయ్యలేసి వండానని."

దొరకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బుద్ధిగా తలూపాడు.

మూడేళ్ళకి ఇంకో ఓడ. అదే కేక.

"అది ఆళ్ళ మాట ఒదినా, అన్నయ్య కాడు. తెలిసీ ఎల్తావా?" అంది నీలాలు.

సుక్కమ్మ తెప్ప మీద చెయ్యేసింది. "కాకపోయినా, పిలుస్తున్నాడు కదే," అంది.

తెప్ప తోసింది. తెడ్డు పట్టింది. కెరటం ఎక్కింది. ఇద్దర్ని తెచ్చింది. ఇద్దరూ మసేను కాదు. ఆవిడ గుడిసెలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ తల ముగ్గుబుట్ట అయ్యాక మూడోసారి వచ్చింది ఆ కేక. ఓడ లేదు, దొరలు లేరు. పల్లె కుర్రాళ్ళు నలుగురి తెప్ప తిరగబడింది. వాళ్ళకి దొరల మాట ఒక్కటీ రాదు. రోజూ ఆవిణ్ణి పెద్దమ్మా అనేవాళ్ళే. మునిగిపోతూ మాత్రం అరిచారు.

"రా సుక్కూ! రా సుక్కూ!"

సుక్కమ్మ బోసినోరు విప్పి నవ్వింది. "విన్నావా నీలాలూ? ఈసారి దొరల మాట కాదే. నన్నే!"

నీలాలు కొంగు పట్టుకుంది. "నీ ఒంట్లో ఎముకలు తప్ప ఏముందే ఒదినా!"

"ఎముకలైతే తేలిగ్గా తేల్తాయిలే. వదులు. ఇన్నేళ్ళకి నా పేరు పెట్టి పిలిచారు. బదులు పలక్కుండా ఉండనా?"

కొంగు విడిపించుకుని ఒక్క కేక వేసింది. "వస్తన్నా!" ఆ కేకకి కెరటం విరగడం మానేసి సగంలో నిలబడిపోయింది.

తెప్ప నలుగుర్నే మోస్తుంది. నలుగుర్నీ ఎక్కించి, తను నీళ్ళలోకి దిగి వెనక నుంచి తోసింది. ఒక పెద్ద కెరటం తెప్పని ఒడ్డున విసిరేసింది. వెనక ఎవరూ లేరు.

"ఉన్నట్టుండి లోపలి సముద్రం వైపు తిరిగింది," అని చెప్పారు కుర్రాళ్ళు. "చెవి పెట్టి విన్నది. వస్తన్నా అంది. మాకు మాత్రం ఏ పిలుపూ వినపడలేదు."

ఇప్పటికీ ఆ ఒడ్డున ఎవరు నీళ్ళలో పడ్డా, ఇంటి కప్పు అంటుకున్నా, దూడ గోతిలో జారినా "రా సుక్కూ!" అనే అరుస్తారు. విన్నవాడు జానెడు మీసాల పెద్దమనిషైనా సరే, ఆ క్షణానికి వాడే సుక్కు. నోటి దగ్గరి ముద్ద వదిలి, ముందు "వస్తన్నా" అని పలికి, ఆపైన పరుగెత్తాలి. అది ఇంగ్లీషు మాటని బడిపంతులు ఒకాయన చెప్పబోతే ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. "అవునా బాబూ? ఆళ్ళదాకా ఎల్లిందా మా సుక్కమ్మ పేరు!"

ఇంకోటి కూడా చేస్తారు. వేటకెళ్ళిన మొగుడు పొద్దెక్కినా రాకపోతే, ఆ పల్లె ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి వాడి పేరు పెట్టి పిలవరు. మొలలోతు నీళ్ళలోకి దిగి, ఏ పిలుపూ వినిపించకపోయినా, ఖాళీ సముద్రం వైపు గొంతెత్తి అరుస్తారు.

"వస్తన్నా!"