పాలధార చినుకు

పూర్ణబోధ స్వామి దగ్గర చేరి ఆరేళ్ళయినా త్ర్యంబకానికి ఒక్క సంగతి తేలలేదు. తన మనసు శుభ్రపడిందా, లేదా? అడిగినప్పుడల్లా స్వామి నవ్వి ఊరుకునేవారు.

ఆ యేడు ఇద్దరూ హిమాలయాలకు వెళ్ళారు. మంచుకొండల అంచున, ఇక ఆపైన ఊళ్ళు లేని చోట, ఉన్ని వడుకుతున్న ఒక ముసలాయన పాలధార గురించి చెప్పాడు. నాలుగు మైళ్ళు ఎక్కితే నాలుగు వందల అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళట. పాపం లేనివాళ్ళ మీదే దాని చినుకు పడుతుందట. ఉన్నవాళ్ళు వెళ్ళి నిలబడితే ధార పక్కకి తప్పుకుంటుందట.

త్ర్యంబకం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

“స్వామీ, వెళ్దాం!”

“వెళ్దాం. నడక మంచిదే,” అన్నారు స్వామి.

తెల్లవారుతూనే బయల్దేరారు. త్ర్యంబకం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రాళ్ళ మీద నుంచి రాళ్ళ మీదికి దూకుతున్నాడు. చెట్లు అయిపోయాయి, పొదలు అయిపోయాయి, ఇక గడ్డీ బండలూ మంచూ మాత్రమే. ఎదురు వాలు మీద కొండగొర్రెల మంద ఒకటి వీళ్ళని చూసి బెదిరి పరిగెత్తింది. త్ర్యంబకం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గాలి పలచబడి ఊపిరందకపోయినా అతను ఆగలేదు.

ఒక మలుపు తిరిగేసరికి ధార కనిపించింది. ఆకాశంలోంచి ఎవరో తెల్లటి పట్టుబట్ట జారవిడిచినట్టుంది. చప్పుడు ఇంకా ఇక్కడిదాకా రావడం లేదు.

“అదిగో స్వామీ! అదిగో!”

ఆ మలుపులోనే, బండ మీద ఒక పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చునుంది. తెలుగు మాట వినేసరికి ఆవిడ మొహం విప్పారింది.

“మనోళ్ళేనా నాయనా? మాది దివిసీమ. నాంచారమ్మంటారు. నాతో వచ్చినోళ్ళు కింద ఊళ్ళోనే ఆగిపోయారు. ఇంక నావల్ల కావట్లేదు.”

“ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకోండమ్మా,” అన్నాడు త్ర్యంబకం, చూపు ధార మీదే పెట్టి.

“దణ్ణానికి కాదు బాబూ, అడగడానికొచ్చాను.” ఆవిడ గొంతు తగ్గింది. “నా కోడలు నొప్పులొస్తున్నాయి అత్తా అంటే పని తప్పించుకోడానికి వేషాలేస్తోందనుకున్నాను. మంత్రసానిని పిలిచేసరికి పొద్దెక్కింది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. పదకొండేళ్ళయింది.”

స్వామి శిష్యుడి వైపు చూశారు. “చెయ్యి అందించు.”

త్ర్యంబకం ఆవిణ్ణి లేవదీసి, భుజం ఆసరా ఇచ్చి నడిపించాడు. ఆవిడది చీమ నడక. అతని ప్రాణం ధార దగ్గరే ఉంది. చప్పుడు మొదలైంది, పెరిగింది, కాళ్ళ కింద రాళ్ళు అదురుతున్నాయా అనిపించేంత అయింది. చివరికి ఉండబట్టలేక ఆవిణ్ణి స్వామికి అప్పగించి పరుగందుకున్నాడు.

కిందికి చేరి తలెత్తాడు. గాలి ధారని అటూ ఇటూ ఊపుతోంది. ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం ఆకాశం విరిగి మీద పడ్డట్టయింది. నెత్తి మీద, భుజాల మీద, తెరిచిన నోట్లో మంచునీళ్ళు! అతను కేకలు పెట్టాడు, గిరగిరా తిరిగాడు, ఏడ్చాడు.

ముద్దగా తడిసి స్వామి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. “పడింది స్వామీ! నా మీద పడింది!”

“గాలి ఇటు తిరిగింది,” అన్నారు స్వామి.

నాంచారమ్మ ఒక్కతే మెల్లగా వెళ్ళి ధార కింద నిలబడింది. చేతులు జోడించింది. గాలి ధారని అవతలి బండల మీదికి తోసింది. చాలాసేపు నిలబడింది. ఒక్క చినుకు పడలేదు.

తిరిగొచ్చింది. ఏడవలేదు. “తెలిసిందిలే నాయనా,” అంటూ రాతి మీద కూలబడింది. చీర చెంగు పొడిగా గాలికి ఎగురుతోంది.

త్ర్యంబకం ఒంటి మీద ఉత్తరీయం బరువుగా వేలాడుతోంది. దాన్ని అలాగే మడిచి తీసుకెళ్ళి ఆశ్రమంలో అందరికీ చూపించాలనుకున్నాడు.

“త్ర్యంబకం,” అన్నారు స్వామి. “ఆ గుడ్డ ఇక్కడ పిండు.”

ఆయన చెయ్యి నాంచారమ్మ తల వైపు చూపిస్తోంది.

త్ర్యంబకం నిలబడిపోయాడు. ఉత్తరీయాన్ని గుప్పిట్లో బిగించాడు. స్వామి చాచిన చెయ్యి దించలేదు. కాసేపటికి అతను వెళ్ళి ఆవిడ తల మీదికి వంగి, మెలిపెట్టి పిండాడు. నెరిసిన జుట్టు మీద నుంచి నుదుటి మీదికి, చెంపల మీదికి నీళ్ళు కారాయి. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు మూసుకుంది.

“ఇవి చెల్లుతాయా స్వామీ?” అంది వణుకుతూ.

“చల్లగా ఉన్నాయా అమ్మా?”

“ఉన్నాయి.”

“అయితే అవే.”

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఏడుస్తూనే త్ర్యంబకం చెయ్యి పట్టుకుంది. “ఇంకాసిని పోస్తావా నాయనా? మా కోడలి పేరు చెప్పి. దాని పేరు రంగమణి.”

త్ర్యంబకం ఉత్తరీయం చేతబట్టి ధార కిందికి పరిగెత్తాడు. రంగమణీ, రంగమణీ అని గట్టిగా అరుస్తూ నీళ్ళు ఎక్కడ పడుతుంటే అక్కడికల్లా ఉరికాడు. గుడ్డ నానగానే తిరిగి పరుగెత్తుకొచ్చాడు.

ఈసారి తన ఒళ్ళు తడిసిందో లేదో చూసుకోలేదు.